మూగ తుపాకి

ఇత్తడి మొన ఉన్న కడ్డీని బాబాయ్ మళ్ళీ గొట్టంలోకి దింపాడు. ఈసారి కూడా అది ముందు ఆగినచోటే ఆగింది. తుపాకి మూతి దగ్గర కడ్డీ మీద సుద్దముక్కతో చిన్న గీత గీశాడు. దాన్ని బయటికి లాగి, గొట్టం పక్కనే పొడుగునా ఆనించి, గీత మూతికి సరిపోయేలా జరిపాడు. రెండో కొస గొట్టం మొదలు దాకా రావాలి. రాలేదు. బెత్తెడు దూరంలోనే నిలిచిపోయింది.

"నువ్వు చూడమ్మాయ్," అన్నాడు. "నా కళ్ళని నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది."

ఆమె తెల్ల తొడుగులు వేసుకున్న చేతులతో తుపాకి మడమ పట్టుకుని ఉంది. వంగి చూసింది. కడ్డీ మొనకీ గొట్టం మొదటికీ మధ్య ఖాళీ స్పష్టంగా ఉంది.

"లోపల తుప్పు పేరుకుందేమో బాబాయ్."

"తుప్పయితే గరగరమంటుంది. ఇది గుడ్డలో పొడిచినట్టు మెత్తగా ఉంది." కడ్డీని బల్లమీద పెట్టాడు. చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పిల్లని పక్కమీద దింపినట్టు పెట్టాడు. "మందు ఉందమ్మాయ్ దీంట్లో. మందూ, దానిమీద గుండూ, గుండు జారకుండా గుడ్డా. ఎవడో మహానుభావుడు దట్టించి, పేల్చకుండానే గోడకి తగిలించి పోయాడు."

వాళ్ళిద్దరూ పనిచేసే మ్యూజియంలో తుపాకుల గది చిట్టచివరిది. గోడల నిండా కర్రమేకులకి వేలాడే పాత తుపాకులకి ఇప్పుడు అద్దాల బీరువాలు చేయిస్తున్నారు. వడ్రంగి కొలతలు తీసుకుపోయాడు. బీరువాల్లోకి ఎక్కించేముందు మూతిలోంచి మందు కూరే రకాలన్నింటికీ కడ్డీ పెట్టి చూడమని పెద్దసారు ఆర్డరు. పొద్దుటి నుంచీ అదే పని. ప్రతి తుపాకిలోనూ కడ్డీ అడుగుకి తగిలి టంగుమనేది, బాబాయ్ "నువ్వు మంచిదానివే పో" అని పక్కకి పెట్టేవాడు. దీని దగ్గరకొచ్చేసరికి ఆ మాట రాలేదు.

ఆమె బాబాయ్ ముఖం వంక చూడలేదు, తుపాకి వంకా చూడలేదు. తలుపు వెనక, దుమ్ము పడకుండా కప్పే దుప్పట్లు మడతలు పెట్టి ఉన్న మూలకి చూసింది. వాటిమీద పాప పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"బాబాయ్, ఇది మూగది కదూ?"

"అదే," అన్నాడు బాబాయ్.

మూగది అని పేరు పెట్టింది పాపే. తుపాకులకి నూనె రాశాక బాబాయ్ ఒక్కోదాని మూతికి నోరు ఆనించి లోపలి దుమ్ము పోయేలా ఊదుతాడు. గొట్టం మొదట్లో, మందుకి నిప్పు అందించే సూదిబెజ్జం ఒకటుంటుంది. బాబాయ్ దాన్ని చెవి అంటాడు. ఇక్కడ ఊదితే గాలి అక్కడి నుంచి బయటికొస్తుంది. పాప నాలుగేళ్ళది. దాన్ని ఊరుకోబెట్టడానికి ఆ చెవి దగ్గర చిటికెడు దూది పెట్టి, "ఊదవే చిట్టెలుకా, ఎగిరిపోతుందేమో చూద్దాం" అనేవాడు. దూది ఎగిరిపోయేది. పాప పడీపడీ నవ్వేది. ఇదొక్కటే ఎంత ఊదినా దూది కదిలేది కాదు. "దీనికి మాటలు రావు తాతా, మూగది" అంది. "చెవిలో తుప్పు మూసుకుందిలే, జలుబు చేసింది దానికి" అన్నాడు బాబాయ్. అప్పటి నుంచీ దాంతో మాట్లాడించాలని పాప పంతం. మిగతావాటిని వదిలేసి రోజూ దీని మూతికే నోరు పెట్టి, బుగ్గలు ఎర్రబడేదాకా ఊదేది. పాప ఎత్తు చాలకపోతే ఎత్తుకుని పట్టుకునేది ఆమే.

"తుప్పనుకున్నానమ్మాయ్," అన్నాడు బాబాయ్. "ఇన్నాళ్ళూ తుప్పనుకున్నాను."

ఆయన ఒక గుడ్డపీలిక తడిపి ఆ చెవి మీద కట్టాడు. పైన చెకుముకి రాయి పట్టుకుని ఉండే ఇనుప కొక్కేన్ని కదలకుండా దారంతో చుట్టాడు. తుపాకిని బిడ్డలా ఎత్తుకుని లోపలి సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, మూతి బయటిగోడ వైపు తిప్పి పడుకోబెట్టి తాళం వేశాడు. తిరిగొచ్చాక స్టూలు మీద కూర్చుని చేతితొడుగులు ఒక్కో వేలే విప్పుకున్నాడు.

"ఇవాళ్టికి ఎవరితోనూ అనకు. రేపు పెద్దసారు రాగానే నేనే చెప్తాను."

"ఇప్పుడే చెప్పేస్తే పోలా బాబాయ్?"

"ఒక్క రోజు ఆగు తల్లీ. ఎలా చెప్పాలో కూడబలుక్కోవాలి." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "భయపడకు. నిప్పు తగలందే దానికి ప్రాణం లేదు. ఇన్నాళ్ళు గోడకి ఊరికే వేలాడింది, ఇవాళొక్కరోజు తలుపు చాటున పడుకోలేదా?"

ఆమె పాపని లేపకుండానే భుజానేసుకుంది. ఎప్పటిలాగే బాబాయ్ పెరటి గేటు తాళం తీసి పట్టుకున్నాడు. ఉద్యోగులు పిల్లల్ని తీసుకురాకూడదని ముందు గేటు దగ్గర బోర్డు ఉంది. పాపని చూసుకునే పక్కింటి అత్తమ్మ కూతురి పురిటికి వెళ్ళినప్పటి నుంచీ మధ్యాహ్నం బాలబడి వదలగానే ఆమె పాపని ఈ గేటులోంచే తెచ్చుకుంటోంది. ఆ సంగతి తెలిసింది బాబాయ్ ఒక్కడికే.

*

ఇంటికి రాగానే ఆమె పాప నోరు కడిగింది. సబ్బు చేత్తో పెదవులు తుడిచి, పుక్కిలించమని మళ్ళీ నీళ్ళు పోసింది.

"కడిగావుగా అమ్మా."

"ఇంకోసారి."

"నేను మట్టి తినలేదుగా."

ఎన్నిసార్లు కడిగితే పోతుంది? పోవడానికి అక్కడేం అంటుకుందని? అది ఆమెకీ తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. పాప చిగుళ్ళు చూసింది, నాలుక చూసింది. మందు కడుపులోకి పోయుంటుందా, పోతే ఏమవుతుంది, ఎవర్ని అడగాలి, అడిగితే ఎందుకడుగుతున్నావంటే ఏం చెప్పాలి. ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి. ఆ గొట్టం ఎదురుగా పాప ముఖం ఎంత దగ్గరగా ఉండేదో తల్చుకున్నప్పుడల్లా చేతిలో ఉన్నది కింద పెట్టేయాల్సొచ్చేది.

పాలగ్లాసు ఇస్తే పాప తాగకుండా అందులోకి ఊదడం మొదలుపెట్టింది. బుడగలు లేచాయి. "చూడు, ఇది మాట్లాడుతోంది" అంది నవ్వుతూ. ఆమె ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కుంది. పాలు పాప గౌను మీదా నేలమీదా ఒలికాయి. పాప ఏడవలేదు. తనేం తప్పు చేసిందో అమ్మ ముఖంలో వెతుక్కుంటూ నిలబడింది.

భర్త ఫోన్ చేశాడు. సరుకుల వ్యాను తోలుతూ ఊళ్ళు తిరిగే మనిషి. ఇంటికి రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. అవతల హారన్ల మధ్య అతను గొంతు పెంచాడు.

"పాప బాగానే ఉందిగా?"

"బాగానే ఉంది. పాలలో ఊదుతోంది."

"మరింకేం. రేపు ఆ ముసలాయనే చెప్తానన్నాడుగా, చెప్పనీ." అని నవ్వాడు. "పెద్దసారుకి మాత్రం ఓపిక కావాలి. టైమెంతయిందని అడిగితే గడియారం ఎక్కడ కొన్నాడో అక్కడి నుంచి మొదలుపెడతాడు మీ బాబాయ్."

ఫోన్ పెట్టేశాక ఆ మాటే ఆమెని పట్టుకుంది. నిజమే. బాబాయ్ ఏదీ మధ్యలోంచి చెప్పలేడు. మూగదని ఎందుకు పిలిచేవారో చెప్తాడు. ఎవరు పెట్టారా పేరు అంటే పాప అంటాడు. ఏ పాప అంటే ఈ అమ్మాయి పాప అంటాడు. రోజూ పెరటి గేటులోంచి వచ్చేదండీ, బంగారం లాంటి పిల్లండీ అని కూడా అంటాడు. చెడు తలపెట్టి కాదు, ఆయనకి అలా చెప్పడమే వచ్చు. ఆ ఉద్యోగం కాస్తా పోతే, పదో తరగతి గట్టెక్కని తనకి నీడపట్టున కూర్చునే పని ఇంకెవరిస్తారు?

ముందు తనే చెప్పేస్తే? పెద్దసారు చెవిన మొదట పడే మాట తనదయితే, అందులో పాప ఉండదు.

నేల తుడుస్తూ ఆ వాక్యాలు లోలోపల పేర్చుకుంది. నేల ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

*

పొద్దున బాలబడి తలుపులు తియ్యకముందే పాపని ఆయా చేతిలో పెట్టింది.

"ఇవాళ సాయంత్రం దాకా ఉంచుకోవూ అక్కా."

"నీ ఒక్కదానికే పెళ్ళయిందా, నీ ఒక్కదానికే పిల్ల ఉందా? అందరూ ఇదే మాట," అంది ఆయా, పాప చెప్పులు విప్పుతూనే. "సరే పో. రోజూ అంటే మాత్రం నావల్ల కాదు."

పెద్దసారు అప్పుడే వచ్చి కుర్చీ వెనక తువ్వాలు సర్దుకుంటున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని అడగడం మర్చిపోయి, చెప్పేసింది. కడ్డీ ఆగిపోయిన సంగతి. లోపల మందు ఉందన్న సంగతి. సామాన్ల గదిలో ఉందని.

పెద్దసారు చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రమండి."

"నిన్న తెలిస్తే ఇప్పుడా చెప్పడం?"

బాబాయే చెప్తానన్నాడండీ అనాలి. నోట్లో ఉన్న మాట అదే. బయటికొచ్చింది మాత్రం వేరే. "ఎవరితోనూ అనొద్దన్నాడండి."

అందులో అబద్ధమేమీ లేదు. బాబాయ్ ఆ మాట అన్నాడు. దాని వెనకే ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని ఆమె గుమ్మం బయటే వదిలేసి వచ్చింది.

పెద్దసారు ఫోన్ అందుకున్నాడు. మ్యూజియం చూడ్డానికి బడిపిల్లలు ఇవాళ రావడానికి వీల్లేదన్నాడు. తుపాకుల గది మూసేయమన్నాడు. ఎవరెవరికో సార్ సార్ అంటూ చెమట తుడుచుకున్నాడు. చెడ్డమనిషేం కాదు, పైనుంచి అక్షింతలు పడతాయంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. ఆమె గోడవారగా నిలబడిపోయింది. పొమ్మంటే బాగుండు అనుకుంది. ఆయన పొమ్మనలేదు.

అప్పుడు వచ్చాడు బాబాయ్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ చెదిరి ఉండే జుట్టు నీళ్ళతో అణిచి దువ్వుకున్నాడు. చేతులు ముందు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పడానికి వచ్చినట్టు గుమ్మంలో సవరించుకుని నిలబడి, "సార్, మీతో ఒక విషయం—" అని మొదలుపెట్టాడు.

"తెలుసయ్యా నీ విషయం," అన్నాడు పెద్దసారు.

బాబాయ్ అప్పుడే గోడవార ఉన్న ఆమెని చూశాడు. ఒక్కసారే చూశాడు. తర్వాత ఆయన చూపు పెద్దసారు బల్లమీద నుంచి కదల్లేదు.

"నిన్న తెలిస్తే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డానండి."

"భయపడి? దట్టించిన తుపాకిని బిల్డింగులో పెట్టి తాళం వేసుకుని ఇంటికెళ్ళి నిద్రపోయావా? పెద్దవాడివి, ఇవాళ పిల్లలొస్తారని తెలీదా నీకు?"

"తప్పేనండి."

"ఈ అమ్మాయిని కూడా నోరు మూసుకోమన్నావట."

బాబాయ్ కట్టుకున్న చేతుల్లో బొటనవేళ్ళు ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి. "అన్నానండి."

"ఇన్నాళ్ళూ దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారు? దాని దగ్గరికి ఎవరెవరు వచ్చారు? దాచకుండా చెప్పు."

ఆమె గోడకి అరచేతులు ఆనించుకుంది. ఇప్పుడు మొదలుపెడతాడు, ఒకరోజు ఏం జరిగిందంటేనండీ అని, చేతులు తిప్పుతూ.

"నేనొక్కణ్ణేనండి," అన్నాడు బాబాయ్. "ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వను. ఈ అమ్మాయి కూడా నిన్న నేను పట్టుకోమంటే మడమ పట్టుకుంది, అంతే."

ఇంత చిన్న జవాబు ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు.

పెద్దసారు ఇంకా చాలా అన్నాడు. చివరికి, ఇక తుపాకుల గదిలో అడుగు పెట్టొద్దన్నాడు. గేటు దగ్గర సంచుల గదిలో కూర్చోమన్నాడు. రిటైరయ్యేదాకా అక్కడే. "తాళాలు ఈ అమ్మాయికి అప్పజెప్పు. పని ఎలా చెయ్యాలో రేపొక్కరోజు దగ్గరుండి చూపించు. కనీసం భయపడాల్సిన చోట భయపడింది, చెప్పాల్సిన చోట చెప్పింది."

బాబాయ్ తల ఊపాడు. నీళ్ళతో అణిచిన జుట్టు ఆరిపోయి, వెనకవైపు ఒక కుచ్చు పైకి లేచి నిలబడింది.

*

మర్నాడు ఆయన పని నేర్పాడు. నిన్న ఏమీ జరగనట్టే నేర్పాడు.

"నూనె గొట్టానికే. కర్రకి తగలనివ్వకు, తాగేస్తుంది. తాగిందంటే నల్లబడుతుంది, ఇక తెల్లబడదు. గుడ్డ మీద వేసుకో, తుపాకి మీద పొయ్యకు. ఆఁ, అంతే. ఇంకొంచెం తగ్గించు. నువ్వు కూర వండటంలేదు."

ఆమె గుడ్డ తిప్పింది. కళ్ళు గుడ్డమీదే ఉన్నాయి.

"తొడుగులు లేకుండా ఎప్పుడూ ముట్టుకోకు. చెమట చేత్తో పట్టుకున్నావనుకో, అప్పుడేం కనిపించదు. కొన్నాళ్ళకి నీ వేలిముద్ర తుప్పై పైకొస్తుంది. ఎంత తుడిచినా పోదు." ఒక పొట్టి తుపాకి తిప్పి, మడమ దగ్గర నల్లటి మచ్చ చూపించాడు. "ఇది నాదే. కొత్తగా చేరినప్పటిది. రోజూ పలకరిస్తుంది నన్ను."

ఆమె గుడ్డ పక్కన పెట్టేసింది. "బాబాయ్. నన్ను తిట్టొచ్చుగా."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. నాకేం ఒరుగుతుంది?"

"నువ్వు చెప్తే పాప సంగతి బయటికొస్తుందని భయపడ్డాను. ఉద్యోగం పోతుందని. అందుకే ముందు నేను..."

"తెలుసులే. నేను చెప్తే వచ్చుండేదే. అందుకేగా ఒక రోజు అడిగాను."

"ఒక రోజెందుకు బాబాయ్?"

బాబాయ్ స్టూలు మీద కూర్చుని నూనెసీసా మూత బిగించాడు. "నా సంగతి నాకు తెలీదా తల్లీ? ఒకటి చెప్పబోయి పది చెప్పే నోరు ఇది. అందుకని ఇంటికెళ్ళి మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాను. నువ్వు పెద్దసారువే, నేను నీకు సంగతి చెప్తాను, పాప మాట వస్తే ఆపు, అన్నాను. మొదలుపెడతాను, సాఫీగానే వెళ్తుంది, మూగది అనగానే పాప వచ్చేస్తుంది. ఆవిడ బల్ల మీద కొడుతుంది, మళ్ళీ మొదటినుంచీ అంటుంది. నిజంగానే పెద్దసారైపోయిందనుకో, ఏమయ్యా అంటోంది నన్ను." కొంచెం నవ్వాడు. "అన్నం చల్లారిపోయింది. చివరికి పాప లేకుండా మొత్తం చెప్పగలిగాను. దూది లేదు, ఊదడం లేదు, పెరటి గేటు లేదు. బాగా వచ్చింది. మా ఆవిడ కూడా బాగుందంది. చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది."

సీసా మూత బిగుసుకుపోయాక కూడా ఆయన వేళ్ళు దాన్ని తిప్పుతూనే ఉన్నాయి.

"చెప్పే పని లేకుండా పోయింది, అంతే," అన్నాడు.

ఆమె ఏడిస్తే ఆయనే ఓదార్చాల్సొస్తుందని ఏడవలేదు. బాబాయ్ లేచి తాళాలగుత్తి ఆమె ముందు పెట్టి, ఏది దేనిదో చూపించాడు. పెరటి గేటు తాళం చెవి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఇది కొంచెం పైకెత్తి తిప్పాలి," అన్నాడు.

*

మందుగుండు పనిలో ఆరితేరినాయన ఆ మర్నాడు వచ్చాడు. వెనక ఖాళీస్థలంలో ఇసుకబస్తాలు పేర్పించి, వాటిమధ్య తుపాకిని పడుకోబెట్టాడు. అందర్నీ దూరంగా నిలబడమన్నాడు. చెవిలోంచి సన్నటి గొట్టంతో నీళ్ళు ఎక్కించి, చాలాసేపు నాననిచ్చాడు. ఎండ నెత్తికెక్కింది. పెద్దసారు చెట్టునీడలో కుర్చీ వేయించుకున్నాడు. ఆమె తాళాలగుత్తి చేత్తో పట్టుకుని ఎండలోనే నిలబడింది.

తర్వాత మందుగుండు ఆయన, కొసకి మరమేకు ఉన్న కడ్డీ లోపలికి దింపి మెల్లగా తిప్పాడు. లాగాడు. మొదట గుడ్డముక్క వచ్చింది. నేత కూడా చెదరలేదు. ఎవరో పాత చొక్కా అంచు చింపి కూరినట్టుంది. తర్వాత గుండు జారిపడింది. గోలీకాయంత ఉంది, బూడిదరంగు పట్టింది. చివరికి నల్లటి బురద కారింది.

ఆ బురద చిటికెడు రేకుమీద పరిచి ఎండబెట్టాడు. ఆరాక అగ్గిపుల్ల చూపించాడు. బుస్సుమని మండి, తెల్లటి పొగ లేచింది. చూస్తున్నవాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేశారు.

"చూశారా, ఇంకా చావలేదు," అన్నాడు ఆయన. "కనిపెట్టిందెవరండీ? చాలాచోట్ల ఆర్డరయితే వేస్తారు. కడ్డీ పెట్టకుండానే పెట్టామని రాసేస్తారు."

పెద్దసారు ఇటు తిరిగాడు. "ఈ అమ్మాయేనండి. భయపడకుండా పొద్దున్నే వచ్చి నాకు చెప్పింది."

"శభాష్ అమ్మా. ఎన్ని ప్రాణాలు కాపాడావో తెలుసా?"

"నేను కాదండి," అంది ఆమె. "బాబాయ్..."

"ఎవరూ?"

"ఆ ముసలాయన సంగతి మీకు చెప్పానుగా," అన్నాడు పెద్దసారు. మందుగుండు ఆయన తల పంకించాడు. ఇద్దరూ ఏదో అనుకున్నారు. ఎవరో తెల్లగుడ్డ మీద గుండు పెట్టి ఆమె చేతికిచ్చి, ఫోటో తీస్తాం ఇటు చూడమన్నారు. గుండు చిన్నదే గానీ ఇంత బరువుంటుందని అనుకోలేదు. కొంచెం నవ్వమ్మా అన్నారు. ఆమె ఇటు చూసింది.

*

గది తాళం వేసి వస్తుంటే గేటు దగ్గర ఆయా గొంతు వినిపించింది. "ఇదుగో నీ పిల్ల. మా ఇంట్లో చుట్టాలొచ్చారు, ఇక నావల్ల కాదు." పాప చెయ్యి వదిలేసి ఆయా అటు నుంచే వెళ్ళిపోయింది.

పాప అమ్మని చూడలేదు. సంచుల గది కిటికీలో తాతని చూసింది.

సంచుల గది అంటే గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న కొట్టు. వచ్చినవాళ్ళ సంచులు తీసుకుని బిళ్ళ ఇవ్వాలి, వెళ్ళేటప్పుడు బిళ్ళ తీసుకుని సంచి ఇవ్వాలి. బాబాయ్ అందులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. పాప పరుగెత్తుకెళ్ళి కిటికీ చెక్క పట్టుకుని వేలాడింది.

"తాతా, ఇక్కడ దాక్కున్నావా?"

బాబాయ్ ముఖం విచ్చుకుంది. విచ్చుకుంటూనే ఆయన పాప తల మీదుగా అటు చూశాడు. లోపలి నుంచి పెద్దసారు కారు మెల్లగా గేటు వైపు వస్తోంది.

"ఎవరి పాపమ్మా ఇది?" అన్నాడు బాబాయ్ గట్టిగా. "పాపా, ఇక్కడ వేలాడకూడదు. మీవాళ్ళెక్కడ?"

పాప నవ్వింది. ఆట అనుకుంది. "నేను తాతా. చిట్టెలుకని."

"మీవాళ్ళ దగ్గరికెళ్ళు పాపా."

"తాతా, నేనూ!"

ఆయన పాప వేళ్ళు కిటికీ చెక్క మీద నుంచి ఒక్కొక్కటే విడదీశాడు. చేతితొడుగులు విప్పుకున్నట్టు, మెల్లగా.

కారు ఆగింది. పెద్దసారు అద్దం దించాడు. పక్కన మందుగుండు ఆయన ఉన్నాడు. "ఎవరయ్యా ఆ పాప? తప్పిపోయిందా?"

"చూడ్డానికొచ్చినవాళ్ళ పిల్లండి. వెతుక్కుంటూ వస్తార్లెండి."

"నిన్ను తాతా అంటోందే?"

"గడ్డం కనిపిస్తే ఏ పిల్లయినా తాతా అంటుందండి."

మందుగుండు ఆయన నవ్వాడు. పాప నవ్వడం మానేసింది. తాత వంకే చూస్తోంది, కింది పెదవి ముందుకొచ్చింది. ఆమె దారిమధ్యలో తాళాలగుత్తితో నిలబడి ఉంది. నాలుగడుగుల దూరం. ఈ ముక్క కూడా ఆయన చేతే చెప్పించాక ఇక తను నిలబడటానికి చోటెక్కడ?

"మా పాపేనండి," అంది.

తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. పెద్దసారు తల తిప్పి చూశాడు.

"నీ కూతురా? ఇంత పెద్దదుందా నీకు? మరి ఎండలో వదిలేస్తావేమ్మా, ఇంటికి తీసుకెళ్ళు."

"అది కాదండీ. పాప రోజూ..."

"చెప్తువుగాని, రేపు చెప్తువుగాని. ఈయనకి రైలు టైమయిపోతోంది."

అద్దం పైకి లేచింది. కారు గేటు దాటి మలుపు తిరిగింది. లేచిన దుమ్ము కిటికీ చెక్క మీద మెల్లగా దిగింది. బాబాయ్ దాన్ని అరచేత్తో తుడిచాడు.

"రేపు చెప్తాను బాబాయ్. మొత్తం చెప్పేస్తాను. ఏమయినా కానీ."

"చెప్పకు." బాబాయ్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేనొక్కణ్ణేనని ఆయన ముఖం మీద చెప్పాను. ఈ పాప ఎవరో తెలీదని ఇప్పుడే చెప్పాను. రేపు నువ్వెళ్ళి కాదంటే నేను అబద్ధాలకోరునవుతాను. మందు సంగతి దాచినవాడికి గేటు దగ్గరయినా చోటిచ్చారు. అబద్ధాలకోరుకి ఇదీ ఉండదు. నువ్వు చెప్పే వేళ దాటిపోయిందమ్మాయ్."

సందర్శకులు బయటికి వస్తున్నారు. ఒకావిడ కిటికీలోంచి బిళ్ళ చాపింది. బాబాయ్ లేచి, బిళ్ళమీద అంకె కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, సంచి వెతికి ఇచ్చాడు. ఆవిడ వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. పాప కదలకుండా నిలబడి, ఒక్కొక్కరికి సంచి ఇచ్చినప్పుడల్లా, తర్వాత తన వంతు వస్తుందన్నట్టు తాత ముఖంలోకి చూస్తోంది. ఆయన పాప వైపు చూడలేదు. వచ్చిన ప్రతివాళ్ళతో అవసరం లేకపోయినా ఏదో మాట్లాడాడు.

"పద, ఇంటికెళ్దాం," అని ఆమె చెయ్యి చాపింది.

పాప రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అమ్మ వైపు గానీ తాత వైపు గానీ చూడకుండా గేటు దాటి, రోడ్డంచున ఒక్కతే ముందు నడిచింది. బండ్లు వస్తున్నాయి. ఆమె గబగబా వెళ్ళి పాప పక్కకి, రోడ్డు వైపుకి వచ్చి నడిచింది. ముట్టుకోలేదు.

"తాతకి నేను గుర్తులేనా అమ్మా?" అంది పాప కొంచెంసేపటికి.

"గుర్తున్నావమ్మా."

"మరి ఎందుకు తెలీదన్నాడు?"

జవాబు చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టినా, తను చేసిన పని రాకుండా ఆ కథ నడవడం లేదు. పాప ఆగి, తల ఎత్తి, జవాబు కోసం చూస్తూ నిలబడింది.